వార్షిక నివేదిక: సురక్షితంగా సెలైన్ ఎక్కించడంలో నర్సులకు శిక్షణ

గౌరవ సభ్యులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఆసుపత్రుల్లో పనిచేస్తున్న నర్సులమైన మనం ఈ ఏడాది సంఘం సమయాన్ని, నిధులను అధికభాగం ఒకే పనికి వెచ్చించాం. సెలైన్‌ను, ఇంజెక్షన్ మందులను నరంలోకి సురక్షితంగా ఎక్కించడంలో శిక్షణ ఇవ్వడమే ఆ పని. మిగిలిన కార్యక్రమాలు యథావిధిగా జరిగాయి.

ఈ అంశాన్ని ఎంచుకోవడానికి కారణం కిడ్నీ వ్యాధి ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల నుంచి వచ్చే కిడ్నీ రోగుల్లో ఎవరికి ఎప్పుడు డయాలసిస్ అవసరమవుతుందో ముందుగా చెప్పలేం. డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి ఫిస్టులా వేయాలంటే ముంజేతి సిరలు ఆరోగ్యంగా ఉండాలి. మనమేమో జ్వరమనో వాంతులనో వాళ్లు వచ్చిన ప్రతిసారీ, సులువుగా దొరుకుతుందని ఆ ముంజేతి నరంలోనే కాన్యులా (సెలైన్ ఎక్కించేందుకు నరంలో ఉంచే సన్నని గొట్టం) పెడుతూ వచ్చాం. ఒకసారి వాచి గట్టిపడిన నరం తర్వాత ఫిస్టులాకు పనికిరాకపోవచ్చు. అందువల్ల కిడ్నీ రోగికి వీలైనంతవరకు అరచేతి వెనుక భాగంలోని నరాన్నే ఎంచుకోవాలనీ, ఫిస్టులా ఉన్న చేతికి సూది గుచ్చడం గానీ బీపీ పట్టీ కట్టడం గానీ చేయరాదనీ ప్రతి తరగతిలోనూ మొదటి పాఠంగా చెప్పాం.

కాన్యులా పరిమాణం గురించీ వివరంగా చర్చించాం. పరిమాణం తెలిపే గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందనీ, ఆకుపచ్చది 18, గులాబీది 20, నీలిది 22, పసుపుది 24 అనీ అందరికీ తెలిసిందే. అయినా చికిత్సకు సరిపోయే వాటిలో అతి సన్నదాన్ని వాడాలన్న నియమం తొందరలో మరుగున పడుతోంది. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరకముందే గుచ్చే అలవాటు, ఒకసారి వెనక్కు లాగిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చే అలవాటు కూడా మనలో ఉన్నాయని సభ్యులు నిజాయితీగా ఒప్పుకున్నారు. ఈ రెండో అలవాటు వల్ల గొట్టం కొస తెగి రక్తంలో కొట్టుకుపోయే ప్రమాదం ఉంది.

గుచ్చడం వరకు మన చేతులకు నేర్పు ఉంది. లోపమల్లా ఆ తర్వాతి గంటల్లో చూసుకోవడంలోనే ఉందని నా అభిప్రాయం. రాత్రి డ్యూటీలో చెయ్యి వాచి, నొప్పితో రోగి మూలుగుతున్నా దుప్పటి తొలగించి చూడని సందర్భం ఒకటి శిక్షణలో ప్రస్తావనకు వచ్చింది. ఆ తప్పు ఎవరిదన్నది మనకు ముఖ్యం కాదు. ఎరుపు, నొప్పి, వాపు కనిపిస్తే సెలైన్ ఆపి కాన్యులా తీసేయాలనీ, అవసరం తీరిన కాన్యులాను రేపటికని ఉంచకూడదనీ అందరం ఒక మాట అనుకున్నాం.

చుక్కల లెక్కను అందరి చేతా కాగితం మీద చేయించాం. మి.లీ.కు 20 చుక్కలు పడే సెట్‌తో 500 మి.లీ. సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. కిడ్నీ రోగి విషయంలో ఈ లెక్క తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉన్నందున, ఆ ఆంపూల్‌లను మామూలు ట్రేలో ఉంచరాదని చెప్పాం. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ను కాల్షియం ఉన్న రింగర్ లాక్టేట్ అనే సెలైన్‌తో కలిపి ఇవ్వరాదన్న సంగతి కొందరికి కొత్తగా తెలిసింది.

‘నీరసంగా ఉంది సిస్టర్, ఒక సెలైన్ పెట్టండి’ అని అడిగే రోగులకు ఏమి చెప్పాలన్నదానిపై చాలాసేపు చర్చ జరిగింది. 5 శాతం డెక్స్‌ట్రోస్ సీసా 500 మి.లీ.లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్ మాత్రమేనని, నోటితో తాగగలిగినవారికి దాని కోసం నరాన్ని పాడుచేసుకోవాల్సిన పని లేదని ఓపికగా చెప్పడం కూడా మన విధిలో భాగమే. అయితే సెలైన్ అవసరమో కాదో నిర్ణయించేది వైద్యులు గనుక, ఈ విషయం వారితోనూ మాట్లాడాలని తీర్మానించాం.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా తెల్లని గట్టి డబ్బాలో వేయాలన్న నియమాన్ని అందరం గుర్తుచేసుకున్నాం. పొరపాటున సూది గుచ్చుకున్న సభ్యులు భయంతో దాచిపెట్టకుండా వెంటనే తెలియజేయాలని కోరుతున్నాం. హెచ్‌ఐవి నివారణ మందులను వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకముందే మొదలుపెట్టాలి.

ఖర్చుల లెక్కలను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. శిక్షణ ఇంతవరకు పెద్ద ఆసుపత్రుల నర్సులకే అందింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒంటరిగా రాత్రి డ్యూటీ చేసే నర్సులకు వచ్చే ఏడాది వారి దగ్గరికే వెళ్లి నేర్పాలన్న ప్రతిపాదనను సభ్యుల ఆమోదం కోసం ఉంచుతున్నాం.