తప్పు నీది కాదురా, ఆ పాఠానిది

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. లేటెక్స్ (కమాండ్లు రాస్తే పేజీ తయారుచేసి పెట్టే సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టి వారం కాలేదు, అప్పుడే "నా బుర్రకి ఎక్కదు" అంటావేంట్రా? నీ బుర్రకేం కాలేదు. నువ్వు పట్టుకున్న పాఠం ముసలిది, అంతే.

నా భాగోతం విను. థీసిస్ కోసం మొదటిసారి కూర్చున్నప్పుడు ఎవరివో పాత నోట్స్ దొరికాయి. మొదటి లైను 'డాక్యుమెంట్‌స్టైల్' అని ఉంటే అలాగే కొట్టాను. పేజీ చక్కగా వచ్చింది! మర్నాడు బొమ్మ పెడదామని ఇంకెక్కడో చూసి, ప్యాకేజీని (అదనపు సౌకర్యాల మూటని) తెచ్చుకునే 'యూజ్‌ప్యాకేజ్' లైను అతికించాను. "లేటెక్స్ 2.09 డాక్యుమెంట్‌లో లేటెక్స్ 2ఈ కమాండ్" అంటూ ఎర్రర్. ఈ 2.09 నా మెషీన్లోకి ఎప్పుడు దూరిందిరా అని రాత్రంతా తీసెయ్యడం, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యడం. తెల్లారాక తెలిసింది, తంటా అంతా ఆ మొదటి లైనుదేనని. 2.09 పాత వెర్షన్, దాని తర్వాతి 2ఈ 1994లోనే వచ్చింది, అప్పట్నుంచీ అక్కడ 'డాక్యుమెంట్‌క్లాస్' రాయాలి. పాత మాట కనిపిస్తే లేటెక్స్ 2.09 లాగా పాత వేషం కట్టేస్తుంది.

పాతవి పూర్తిగా పనిచెయ్యడం మానేస్తే పీడా పోయేది. కానీ లేటెక్స్‌కి అడుగున ఉండే అసలు ప్రోగ్రాం 'టెక్'ని రాసిన డోనాల్డ్ క్నూత్ ఇక కొత్తవేమీ చేర్చను, తప్పులు మాత్రం దిద్దుతాను అని 1990లోనే చెప్పేశాడు. వెర్షన్ నంబరు కూడా 3.14159 అంటూ లెక్కల్లోని 'పై' (π) విలువ వైపు ఒక్కో అంకె పాకుతుంది, ఆయన సరదా చూడు! దాంతో ముప్ఫై ఏళ్ల నాటి ఫైలు ఇవాళా నడుస్తుంది. నడుస్తోంది కదా అని ముప్ఫై ఏళ్ల నాటి పాఠాన్నీ ఎవరూ తీసెయ్యరు.

అన్నీ ఎర్రర్ ఇచ్చినా బాగుండేది. బోల్డూ ఇటాలిక్కూ రెండూ కావాలని పాత కమాండ్లు 'బీఎఫ్', 'ఐటీ' పక్కపక్కన రాశావనుకో, నోరెత్తదు. బోల్డ్ ఎగిరిపోయి ఇటాలిక్ ఒక్కటే మిగులుతుంది. 'టెక్స్ట్‌బీఎఫ్' లోపల 'టెక్స్ట్‌ఐటీ' పెట్టు, రెండూ వస్తాయి. సమీకరణాలకి 'ఈక్యూఎన్ఎరే' వాడమన్నారా? సమానం గుర్తుకి రెండు పక్కలా అంత ఖాళీ అందుకే. ఏఎంఎస్‌మ్యాథ్ ప్యాకేజీ పెట్టుకుని 'అలైన్' వాడు. యూటీఎఫ్8 (అన్ని భాషల అక్షరాలనీ ఫైల్లో దాచే పద్ధతి) కోసం పెట్టే 'ఇన్‌పుట్ఎన్‌క్' లైను 2018 నుంచి అక్కర్లేదు గానీ ఉన్నా నష్టం లేదు, దాని జోలికి పోకు.

ఇక మీదట డౌటొస్తే టెర్మినల్‌లో 'టెక్స్‌డాక్' అని కొట్టి, పక్కన ప్యాకేజీ పేరు రాయి. నీ మెషీన్లో ఉన్న వెర్షన్‌తో వచ్చిన మాన్యువలే తెరుచుకుంటుంది. వందల పేజీలు చూసి హడలిపోకు, ఉదాహరణలు చూసుకుని వచ్చెయ్.

ముందు నీ ఫైల్లో పై పది లైన్లు నాకు పంపు. ఫొటో కాదు, టెక్స్ట్ పంపు. పోయినసారి నీ స్క్రీన్ ఫొటోలో బ్రాకెట్ వెతకలేక నా కళ్లు పోయాయి.