పాత బేస్‌బాల్ బృందం, కొలంబస్: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో ఉన్న మన ఊళ్లో ఓహాయో విలేజ్ మఫిన్స్ జట్టు 1981 నుంచి ఆడుతున్న పాతకాలపు బేస్‌బాల్ చూసి ముచ్చటపడే మనమూ దిగాం. ఈ వేసవిలో ఆరు ఆటలాడి రెండు గెలిచాం.

కొత్తగా చేరినవారికి రెండు మాటలు. మనవి 1860 నాటి నిబంధనలు. చేతులకు గ్లవ్స్ ఉండవు. హర్లర్ (బంతి వేసేవాడు) 45 అడుగుల దూరం నుంచి చేతిని కిందినుంచి ఊపి, స్ట్రైకర్‌కు (బ్యాటు పట్టినవాడికి) బంతి అందిస్తాడు. కొట్టిన బంతి ఒక్కసారి నేలకు తగిలి లేచాక పట్టినా అవుటే. గల్లీ క్రికెట్లో పెరిగిన మనకు ఇదేం కొత్త కాదు. ఒకే తోలు ముక్కను నాలుగు రేకులుగా కోసి, మడిచి కుట్టిన బంతి అది. నిమ్మకాయ తొక్క వలిచి మళ్లీ మూసినట్టుంటుంది. ఆట మొత్తానికీ అదొక్కటే. పొదల్లో పడితే రెండు జట్లూ కలిసి వెతుకుతాయి.

జూన్‌లో ఒక సభ్యుడికి బంతి తగిలి ఉంగరం వేలు వాచింది. ఎముకకు ఏమీ కాలేదు గానీ ఉంగరం కోసి తీయాల్సి వచ్చింది. ఇకమీదట ఉంగరాలు ఇంట్లో పెట్టి రావాలి.

ఆగస్టు ఆట గురించి రాయకుండా ఉండలేను. ఎడమ వైపు దూరంగా పడిన బంతిని మనందరి బాబాయిగారు వంగి రెండు చేతులా పట్టారు. అంపైర్‌కు సరిగా కనబడక ఆయన్నే అడిగాడు. "రెండుసార్లు పడిందండీ" అన్నారు బాబాయిగారు, వెంటనే. ఆ మాట మీదే అవతలివాళ్లకు రెండు ఏస్‌లు (పరుగులు) వచ్చాయి, మనం ఓడాం. ఆట అయ్యాక వాళ్ల జట్టంతా ఆయన చుట్టూ చేరి మూడుసార్లు "హజా!" అని జేజేలు కొట్టింది. ఈ ఏడాది మనకు దక్కిన గౌరవాల్లో అదే పెద్దదని నా ఉద్దేశం.

ఇక వచ్చే ఏటి సంగతి. గాల్లో పట్టిన క్యాచే లెక్కకు రావాలని, అంటే 1865 నిబంధనలకు మారాలని కుర్రాళ్లు కోరుతున్నారు. ఈ వాదం అప్పుడూ నడిచింది. న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్బు 1857 నుంచీ ఇదే అడిగితే, 1864 డిసెంబరు సమావేశంలో గానీ మిగతా క్లబ్బులు ఒప్పుకోలేదు. నేను మాత్రం 1860కే ఓటేస్తాను. ఒక్క ఎగురు వెసులుబాటు ఉంది కాబట్టే మోకాళ్ల నొప్పులున్న మా వయసువాళ్లు, పదేళ్ల పిల్లలు ఒకే మైదానంలో ఆడగలుగుతున్నాం.

ఓటింగు జనవరి సమావేశంలో. బ్యాట్లు మా ఇంట్లోనే ఉన్నాయి, అవిసె నూనె రాసి గుడ్డ చుట్టి పెట్టాను.

ఇట్లు,
కార్యదర్శి