వార్షిక నివేదిక 2025–26: పనికి సైకిలు తొక్కేవాళ్ళ లెక్క, మరమ్మతు పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పని ముఖ్యంగా రెండు రకాలు. నెల్లూరులో పొద్దున్నే పనికి సైకిలు మీద వెళ్ళేవాళ్ళను లెక్కపెట్టడం ఒకటి, ఇప్పటికీ తొక్కుతున్నవాళ్ళ సైకిళ్ళు మూలన పడకుండా చూడటం రెండోది. జమాఖర్చులు, కూడళ్ళవారీ అంకెలు విడి పట్టికల్లో అందుతాయి. ఆ అంకెలను ఎలా చదవాలో, మరమ్మతు శిబిరాల్లో ఏం తేలిందో ఇక్కడ రాస్తున్నాం.

ముందు పాత లెక్కలు. 2001 జనగణన నాటికి దేశంలో 43.7 శాతం ఇళ్ళలో సైకిలుంది. 2011కి అది 44.8 శాతం, అంటే దాదాపు ఉన్నచోటే ఉంది. అదే పదేళ్ళలో స్కూటరో మోటారు సైకిలో ఉన్న ఇళ్ళు 11.7 శాతం నుంచి 21 శాతానికి పెరిగాయి. పనికి ఎలా వెళ్తారని 2011లో అడిగితే నడిచి వెళ్తామన్నవాళ్ళు 22.6 శాతం, సైకిలు మీద 13.1, మోపెడ్లు, స్కూటర్లు, మోటారు సైకిళ్ళ మీద 12.7. అప్పటికి సైకిలుదే ఇంకా వెంట్రుకవాసి పైచేయి. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ అంకెల్లో రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమల వాళ్ళు లేరు. నాట్లప్పుడు కోవూరు, ఇందుకూరుపేట పొలాలకు సైకిలు తొక్కే కూలీ ఏ శాతంలోనూ కనబడడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సైకిలున్న ఇళ్ళు 50.4 శాతమని చూసి సంబరపడే పని కూడా లేదు. పిల్ల బడికి తొక్కేదీ, మిద్దె మీద తుప్పు పట్టేదీ అందులోనే ఉంటాయి. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లా హద్దులు మారాయి కాబట్టి 2011 నాటి నెల్లూరు జిల్లా అంకెలను ఇప్పటి జిల్లా అంకెల పక్కన పెట్టడం కుదరదు.

సైకిలు వదిలినవాళ్ళు బద్ధకంతో వదిలారని సమావేశాల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. కార్యవర్గం ఆ మాట ఒప్పుకోదు. మూలాపేట నుంచో సంతపేట నుంచో స్టోన్‌హౌస్‌పేట కొట్లకు పోవడానికి సైకిలు చాలు, ఇప్పటికీ చాలు. 2008లో కృష్ణపట్నం రేవు మొదలయ్యాక ముత్తుకూరు అవతలి పనికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. ఎండలో అంత దూరం తొక్కి, షిఫ్టు చేసి, మళ్ళీ తొక్కుకుంటూ ఇంటికి రమ్మంటే ఎవరి వల్లా కాదు. టీవీఎస్ 50 వచ్చింది 1980లో, హీరో హోండా సీడీ 100 వచ్చింది 1985లో. గుమాస్తాల ఇళ్ళకూ తాపీ మేస్త్రీల ఇళ్ళకూ బండ్లు చేరింది మాత్రం వాయిదాల మీద ఇవ్వడం మొదలయ్యాకే.

ఇక మన లెక్క. పెన్నా పాత వంతెన, బ్యారేజీ, ఆత్మకూరు బస్టాండు, మాగుంట లేఔట్ అండర్‌బ్రిడ్జి, వేదాయపాలెం దగ్గర మంగళ, బుధ, గురువారాల్లో, ఉదయం 6 నుంచి 9.30 దాకా, పావుగంటకో గడి చొప్పున రాశాం. ఒక్కో దిక్కుకు ఒక్కో మనిషి. ఆరింటికే మొదలుపెట్టడానికి కారణముంది. హోటలు పనివాళ్ళు, హమాలీలు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్లు ఏడులోపే దాటిపోతారు. ఎనిమిదికి నిలబడితే చిక్కేది ఎక్కువగా బడిపిల్లలే. యూనిఫాం ఉంటే బడి గడిలో, క్యారేజీ, తాపీ సామాను, గోతం ఉంటే పని గడిలో, హెల్మెట్టుతో గేర్ల సైకిలు తొక్కేవాళ్ళు వ్యాయామం గడిలో. దేనిలోనూ ఇమడనివాళ్ళకు నాలుగో గడి. ఊహించి ఎవరినీ పని గడిలోకి నెట్టొద్దని లెక్క తీసేవాళ్ళకు గట్టిగా చెప్పాం.

లెక్క తప్పేది ఎక్కడంటే: 2022 సెప్టెంబరులో నెల్లూరు బ్యారేజీ ప్రారంభమయ్యాక పెన్న దాటడానికి ఇంకో దారి దొరికింది. పాత వంతెన మీద మాత్రమే నిలబడితే సైకిళ్ళు తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి అవి పక్క దారికి మళ్ళి ఉండొచ్చు. అందుకే రెండూ ఒకే రోజు, ఒకే వేళకు లెక్కించాలి. వానపడితే అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచి అక్కడి గడి ఖాళీ, వేరే చోట గడి పొంగిపోవడం. కాబట్టి ప్రతి కాగితం పైన వాన, ఎండ, పండుగ, బస్సుల బందు ఏదున్నా రాయాల్సిందే. రోహిణి కార్తెలో జనం అరగంట ముందే బయల్దేరతారు, ఆ అంకెలు కార్తీక మాసపు అంకెలతో పోల్చకండి. అన్నిటికన్నా ముఖ్యం, కూడళ్ళ అంకెలను ఒకదానికొకటి కూడొద్దు. పెన్న దాటిన మనిషే ఆత్మకూరు బస్టాండు దగ్గరా కనిపిస్తాడు.

మరమ్మతు శిబిరాల్లో ఎక్కువమంది అడిగింది ఫ్రీవీలు, అంటే వెనక చక్రానికుండే పళ్ళచక్రం, మార్పు. మామూలు నల్ల సైకిలుకు ముందు పళ్ళచక్రం 44, వెనక ఫ్రీవీలు 18 పళ్ళు. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద బాగానే ఉంటుంది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడూ, వెనక బియ్యం మూట ఉన్నప్పుడూ యాభై దాటినవాళ్ళ మోకాళ్ళు పట్టేస్తాయి. 20 పళ్ళదైతే 4.9 మీటర్లు, 22 పళ్ళదైతే 4.4 మీటర్లకు దిగుతుంది. తొక్కడం తేలిక, వేగం కొంచెం తక్కువ. 20 పళ్ళదానికి చైను మార్చక్కర్లేదు, వెనక చక్రాన్ని పావు అంగుళం ముందుకు జరిపితే సరి. అలా జరిపాక బ్రేకు పట్టినప్పుడు దాని రబ్బరు కట్టలు రిమ్ముకు సరిగ్గా తగులుతున్నాయా, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోందా చూసి మరీ నట్లు బిగించాలి. 22 పళ్ళదానికి చైనులో ఒక అంగుళం, అంటే ఒక పూర్తి లింకు కలపాలి.

చైను పాతదైతే కొత్త ఫ్రీవీలు వేసి లాభం లేదు, తొక్కినప్పుడల్లా పళ్ళ మీద ఎగురుతుంది. చైను కొలవడం సులువు. ఒక పిన్ను మధ్య నుంచి 24 అరంగుళపు ముక్కలు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగిందంటే పళ్ళు కూడా తినేసి ఉంటుంది. ఫ్రీవీలు లోపల గ్రీసు పెట్టే అలవాటు చాలామందికి ఉంది. గ్రీసు జిగటకు లోపలి చిన్న పట్టుబిళ్ళలు లేవవు, పెడలు ఖాళీగా తిరుగుతుంది. అక్కడ పల్చటి నూనె నాలుగు చుక్కలు చాలు. గ్రీసు పెట్టాల్సింది హబ్బు (చక్రం నడిమి భాగం) మీద ఫ్రీవీలు బిగించే మరకు, లేకపోతే మళ్ళీ విప్పేటప్పుడు రాదు.

వాయుగుండం పట్టిన రోజుల్లో నీళ్ళలో దించిన సైకిళ్ళకు హబ్బులు విప్పి కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీసు పెట్టాం. మామూలుగా ముందు హబ్బులో ఒక్కో పక్క 3/16 అంగుళం బాల్సు పది, వెనక పావు అంగుళంవి తొమ్మిది ఉంటాయి. ఒకటి గుంట పడినా ఆ పక్కవన్నీ మార్చాలి.

అండర్‌బ్రిడ్జిల దగ్గర నీటి లోతు తెలిపే గీతలు గోడ మీద గీయాలని అధికారులకు వినతిపత్రం ఇచ్చాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేటప్పుడు బిల్లు అడిగి చూసుకోండి.

వచ్చే ఏడాది లెక్కకు కూడా ఇవే కూడళ్ళు, ఇవే మంగళ, బుధ, గురువారాలు. 2027 జనగణనకు ఇళ్ళ జాబితా రాసేవాళ్ళు సైకిలుందా అని అడుగుతారు, ఉంటే ఉందని చెప్పండి. ఫ్రీవీలు విప్పే పనిముట్టు సంఘం దగ్గర తీసుకెళ్ళేవాళ్ళు ఇరుసు నట్టుతో దాన్ని బిగించాకే తిప్పండి. వదులుగా తిప్పితే జారి కొక్కేలు విరుగుతాయి. మర కదిలాక నట్టు కాస్త వదులు చేసి మిగతాది తిప్పాలి.

– కార్యవర్గం, నెల్లూరు