మందం కొలిస్తే చాలదు: ఆహార భద్రతా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆహార భద్రతా కమిషనర్ గారికి నమస్కారాలు.

నేను విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఉంటున్న విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలిని. రాత్రి ఎనిమిది గంటలకు మా వీధి చివరి కర్రీ పాయింటు దగ్గర నిలబడితే, పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన సాంబారును గరిటెతో పలుచని పాలిథిన్ కవరులో పోసి, మూతి మెలితిప్పి రబ్బరు బ్యాండు బిగించి ఇవ్వడం కనిపిస్తుంది. ఆ కవరు మీద తయారీదారు పేరు గానీ, ఆహారానికి పనికివస్తుందన్న గుర్తు గానీ లేవు. చల్లార్చి పోయవచ్చు కదా అని అడిగితే, "అంతసేపు ఎవరు ఆగుతారమ్మా?" అన్నాడు ఆ దుకాణదారు. అతడిని తప్పుపట్టలేకపోయాను, ఎందుకంటే అది ఏ ప్లాస్టిక్‌తో చేసిన కవరో అతడికి ఎవరూ చెప్పలేదు.

కవర్ల మీద తనిఖీలు జరగడం లేదని నేను అనను. అయితే అవి ప్రధానంగా మందాన్నే చూస్తున్నాయి. సంచి కనీసం 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉండాలన్న నిబంధన 2022 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చింది, అది ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలలోనిది; కవరులోని కూరలోకి ఏమి దిగుతున్నదో ఆ కొలత చెప్పదు. మందమైన కవరు సైతం పాత డబ్బాలను, చెత్త ప్లాస్టిక్‌ను కరిగించి చేసినదై ఉండవచ్చు. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ సంచులలో ఆహారం పెట్టడాన్ని 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి; తర్వాత సడలించినా, అది నిర్దేశించిన ప్రమాణాలకు లోబడినవాటికే. వీధి దుకాణంలో ఆ కట్టుబాటు అమలవుతున్న జాడ నాకు కనిపించలేదు.

ప్లాస్టిక్‌లో పాలిమర్‌తో (పొడవైన గొలుసుల్లాంటి అణువులతో) పాటు, ఆ గొలుసుల్లో చేరకుండా మిగిలిపోయిన మోనోమర్లు అనే చిన్న అణువులు, రంగులు, మెత్తదనం కోసమో మన్నిక కోసమో కలిపిన రసాయనాలు ఉంటాయి. వీటిలో చాలావరకు పాలిమర్ గొలుసులకు రసాయనికంగా బంధింపబడి ఉండవు కనుక, వేడి పెరిగేకొద్దీ త్వరగా ఆహారంలోకి చేరతాయి. భారతీయ ప్రమాణమైన ఐఎస్ 9845 పరీక్షలో పుల్లని ఆహారానికి బదులు 3 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని, నూనె పదార్థాలకు బదులు హెప్టేన్ అనే ద్రావకాన్ని వాడేది, ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి ఇలా జరిగే వలసను కొలవడానికే. అలా దిగే మొత్తం కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు మించరాదు. మన చేపల పులుసులో పులుపు, నూనె, వేడి మూడూ ఒకేసారి ఉంటాయి.

స్టైరీన్ అన్న మాట ఈ ఊరికి కొత్త కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడి 12 మందిని బలిగొన్న ఆవిరి అదే. థర్మకోల్ ప్లేట్లకు ముడిపదార్థమూ అదే. ఆనాటి ఆవిరికీ, ప్లేటులో మిగిలే ఆనవాళ్లకూ పోలిక లేదు, జనాన్ని భయపెట్టడం నా ఉద్దేశమూ కాదు. కానీ ఆ ఉదయాన్ని చూసినవాళ్లం గనుక, ఆ ఆనవాళ్లనైనా కొలిచి చెప్పమని అడుగుతున్నాము.

మీ అధికారులు కర్రీ పాయింట్లలో కూరలతో పాటు కవర్ల నమూనాలను కూడా తీసి, వేడి, పులుపు, నూనె పరిస్థితులలో పరీక్షించి, ఫలితాలను తెలుగులో ప్రకటించాలని కోరుతున్నాను. తప్పు తేలితే ముందుగా కవర్లు తయారుచేసినవారినీ టోకుగా అమ్మినవారినీ పట్టుకోవాలి. ఇంటి నుంచి స్టీలు గిన్నె తెచ్చుకున్నవారికి కాదనకుండా అందులోనే పోయాలన్న షరతును దుకాణాల రిజిస్ట్రేషన్‌లో చేర్చే వీలుంటే, దానికి ఎంతో ఖర్చూ ఉండదు. ఈ విషయంలో తమరు తీసుకునే నిర్ణయాన్ని బహిరంగంగానే తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం