ఏడు మాటలకు ముందు ఆరు అధ్యాయాలు

సంపాదకులు గారికి,

నలభై రోజుల శ్రమకాలానికి మొదలైన భస్మ బుధవారం వచ్చిందంటే మీ జిల్లా పేజీల్లో గృహ కూటాల వార్తలు మొదలవుతాయి. గుడ్ ఫ్రైడే నాటికి అరపేజీ సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకే సరిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా గుడిలో కూర్చుని లేచినవాళ్లు యేసుప్రభువు చివరి దినాలన్నీ ధ్యానించామన్న తృప్తితో ఇళ్లకు వెళ్తారు. విన్నది మాత్రం ఏడు వాక్యాలు, వాటి మీద ఏడు ప్రసంగాలు.

ఆ ఏడూ ఒకచోటివి కావు. మూడు లూకా రాసినవి, మూడు యోహాను రాసినవి, మిగిలిన ఒక్కటి మత్తయిలోనూ మార్కులోనూ ఉంది. మార్కు సువార్తలో సిలువ మీద ఆయన నోట వచ్చిన మాట అదొక్కటే: తన దేవుడు తనను ఎందుకు చేయి విడిచాడని. తరవాత ఒక పెద్ద కేక, ప్రాణం పోవడం. దానికి ముందు మూడు మాటలు, వెనక మూడు మాటలు చేర్చి విన్న చెవికి మార్కు రాసిన ఆ నిశ్శబ్దం వినపడదు. ఈ మూడు గంటల ఆరాధనను పదిహేడో శతాబ్దం చివర్లో పెరూ దేశపు లిమా నగరంలో జెస్యూట్ అనే కతోలిక సభ గురువులు మొదలుపెట్టారు. మన బాప్టిస్టు, లూథరన్ గుళ్లు కూడా దాన్ని సొంతం చేసుకున్నాయి. మానమని మేం అనడం లేదు. దానికి ముందు నలభై రోజులున్నాయి, వాటిని ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న.

మా సూచన ఒకటే. నాలుగు సువార్తలూ కలపకుండా ఒక్క మార్కునే తీసుకుని, 11వ అధ్యాయం నుంచి రోజూ కొంచెం చదవాలి. మార్కే ఎందుకంటే, యేసు చివరి వారంలో ఏ రోజు ఏం జరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టినట్టు చెప్పింది ఆయనే. ‘మరునాడు’, ‘సాయంకాలమైనప్పుడు’, ‘ప్రొద్దున’, ‘రెండు దినములైన తరువాత’ అంటూ పోతాడు. 16 అధ్యాయాల పుస్తకంలో ఆరు ఆ ఒక్క వారానివే.

లెక్క ఇదీ. 16ను ఈస్టర్ ఉదయానికి ఉంచితే, 11 నుంచి 15 వరకు సుమారు 233 వచనాలు. భస్మ బుధవారం నుంచి, ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ముందు శనివారం దాకా, ఆదివారాలు తీసేస్తే 34 రోజులు. అంటే రోజుకు ఏడు వచనాలు. పైకి చదివితే రెండు నిమిషాలు పట్టదు. రెండోసారి ఇంట్లో ఇంకొకరు చదవాలి, వీలైతే పిల్లలు. తరవాత రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఆ మీదట మూడు ప్రశ్నలు: అక్కడ ఎవరెవరున్నారు, ఏ చోటు, ఏ పూట? జవాబులు పాత నోటుపుస్తకంలో రాయాలి. ప్రార్థనతో కలిపి పావుగంట. ‘ఇందులో మనకు పాఠమేమిటి’ అన్న ప్రశ్న మొదటి రోజే అడిగితే పెద్దాయన ప్రసంగం అందుకుంటారు, పిల్లలు ఫోను అందుకుంటారు. అందుకే దాన్ని రెండో విడతకు దాచాలి.

ఆ రెండో విడత శ్రమల వారంలో. అప్పటికి భాగమంతా ఒకసారి చెవిన పడి ఉంటుంది కాబట్టి, ఏ రోజుది ఆ రోజు మళ్లీ చదవాలి. మట్టల ఆదివారం 11:1–11. సోమవారం 11:12–19. మంగళవారం 11:20 నుంచి 13వ అధ్యాయం చివరిదాకా. బుధవారం 14:1–11. గురువారం రాత్రి 14లో మిగిలినదంతా. శుక్రవారం 15.

వచనాలు లెక్కపెట్టి కత్తిరించడంలో ఒక ఇబ్బంది ఉంది. మార్కు ఒక సంగతి మొదలుపెట్టి, మధ్యలో ఇంకొకటి చెప్పి, మళ్లీ మొదటిదానికి వస్తాడు. అంజూరపు చెట్టు మీద ఆయన మాట, దేవాలయంలో బల్లలు పడదోయడం, మరునాడు ఆ చెట్టు వేళ్లతో సహా ఎండిపోయి కనిపించడం: ఈ మూడూ ఒకే ముక్క. ఆ రోజు ఏడు వచనాలు అయ్యాయని మధ్యలో ఆపితే, కాయలు లేవని చెట్టును శపించారేమిటన్న దగ్గరే పిల్లలు ఆగిపోతారు. అక్కడ 11:12–25ను మూడు రోజులకు పంచి, రోజూ ముందుభాగం మళ్లీ చదివి కొత్తది చేర్చాలి. ప్రధాన యాజకుని ఇంట్లో విచారణ, ముంగిట్లో పేతురు చలి కాచుకోవడం కూడా అంతే. లోపల ఆయన ఒప్పుకుంటున్నారు, బయట ఇతను కాదంటున్నాడు. విడదీస్తే రెండూ చప్పబడతాయి.

చాలా సంఘాల్లో మంగళవారానికి పేరూ లేదు, కూటమూ లేదు. మార్కులో ఆ వారానికల్లా నిండైన రోజు అదే, దాదాపు 95 వచనాలు. కైసరు పన్ను ప్రశ్న ఆ రోజుదే, బీద విధవరాలి రెండు కాసులూ ఆ రోజువే. ఆ కాసు రోమన్ నాణేల్లో దేనారంలో 128వ వంతు. ద్రాక్షతోట కూలీల కథలో రోజుకూలి ఒక దేనారం. అంటే ఆమె వేసిన రెండు కాసులు రోజుకూలిలో 64వ వంతు. ఇవాళ మిరప కోతకు వెళ్లే మనిషి కూలిని 64తో భాగించి, పిల్లల చేతే లెక్క కట్టించండి. మరునాటి భాగంలో బేతనియలో ఆయన తల మీద ఒక స్త్రీ అత్తరు పోస్తుంది, దాని వెల 300 దేనారాలకు పైమాటే. సుమారు ఏడాది కూలి. తెలుగు బైబిలు దాన్ని జటామాంసి అంటుంది. ఆయుర్వేద దుకాణంలో అడిగితే దొరికే వేరు అదే, హిమాలయాల్లో పెరిగేది. పది రూపాయలది తెచ్చి, చదివేటప్పుడు వాసన చూపించండి. ప్రసంగం అక్కర్లేదు.

ఇక నాలుగు సువార్తలూ కలిపితే వచ్చే చిక్కులు. మట్టల ఆదివారం మన పిల్లల చేతుల్లో తాటి, ఈత, కొబ్బరి మట్టలుంటాయి. మార్కులో ఉన్నవి పొలాల్లో నరికిన కొమ్మలు. మట్టలన్నది యోహాను ఒక్కడే. లూకాలో కొమ్మలే లేవు, బట్టలు పరిచారంతే. అత్తరు సంగతీ అలాంటిదే. మార్కులో కుష్ఠురోగియైన సీమోను ఇల్లు, పేరు లేని స్త్రీ, యూదుల పస్కా పండుగకు రెండు రోజుల ముందు, తల మీద. యోహానులో లాజరు కూర్చున్న పంక్తి, లాజరు తోబుట్టువు మరియ, ఆరు రోజుల ముందు, పాదాల మీద. బైబిలు అంచున ఉండే పక్క వచనాల వెంట వెళ్తే ఈ రెండూ కలిసి ఎవరూ రాయని మూడో కథ తయారవుతుంది. మిగిలిన ముగ్గురినీ వచ్చే మూడేళ్లకు ఉంచుకోవచ్చు. పిలాతు భార్య కల మత్తయిది, హేరోదు ముందు నిలబెట్టడం లూకాది, పాదాలు కడగడం యోహానుది. యోహాను చదివే ఏడాది ఒక జాగ్రత్త: అక్కడ ‘యూదులు’ అన్నచోట చాలాసార్లు అర్థం అధికారులని. యేసు, ఆయన తల్లి, శిష్యులు అందరూ యూదులేనని పిల్లలకు ముందే చెప్పాలి.

గంటల విషయంలో మన పాత తెలుగు అనువాదమే కొంత సర్దింది. మార్కులో సిలువ వేసింది మూలం ప్రకారం మూడో గంటకు, అంటే సూర్యోదయం నుంచి లెక్కిస్తే ఉదయం తొమ్మిదికి. తెలుగులోనూ తొమ్మిదనే ఉంది. యోహాను 19:14లో పిలాతు తీర్పు చెప్పింది ‘ఆరో గంట’ ప్రాంతంలో. అదే లెక్కన అది మధ్యాహ్నం కావాలి. మన బైబిలు ‘ఉదయము ఆరు గంటలు’ అంటుంది. ఇద్దరికీ పొత్తు కుదర్చాలని అనువాదకులు చేసిన పని అది. ఒక్క మార్కునే చదివేవారికి ఈ బెడద లేదు. పైగా గుడ్ ఫ్రైడే రోజంతా గడియారంలా నడుస్తుంది. తెల్లవారగానే 15:1–20, తొమ్మిదికి 21–32, పన్నెండుకు ఒక్క 33వ వచనం, మూడుకు 34–41, పొద్దువాలాక 42–47. పన్నెండుకు మనం గుడికి చేరేసరికి, మార్కు లెక్కన ఆయన సిలువ మీద ఉండి అప్పటికే మూడు గంటలు. ఈ ఒక్క సంగతి తెలిసి వెళ్తే ఆ ఆరాధన వేరుగా ఉంటుంది.

ఇంకో లెక్క కూడా. యూదులకు రోజు పొద్దుగూకడంతో మొదలవుతుంది, మన పంచాంగంలా సూర్యోదయంతో కాదు. మనం గురువారమనే రాత్రి భోజనమూ, శుక్రవారమనే మరణమూ వారికి ఒకే రోజు. పస్కా పున్నమి పండుగ. ఈస్టర్ లెక్క కూడా మార్చి 21 నాటి పున్నమి, లేదా ఆ తరవాత వచ్చే మొదటి పున్నమి మీదే నిలుస్తుంది. అందుకే శ్రమల వారం గురువారం రాత్రి డాబా ఎక్కితే చంద్రుడు ఎప్పుడూ నిండుకు దగ్గరగానే ఉంటాడు. యేసును పట్టుకున్న గెత్సేమనే తోట భాగం ఆ వెన్నెల్లో చదవచ్చు. (అంత వెన్నెల్లో పట్టుకోవడానికి వచ్చినవాళ్లు దివిటీలు ఎందుకు తెచ్చారన్నది యోహాను ఏడాదికి దాచుకోవాల్సిన ప్రశ్న.)

వేళ సంగతి. ఈ దినాలు మన జిల్లాల్లో పొగాకు, మిరప పనులతోనూ, నెల్లూరు వైపు వరికోతలతోనూ, పదో తరగతి పరీక్షలతోనూ కలిసి వస్తాయి. కూలి ఆటోలు తెల్లవారకముందే కదిలే ఊళ్లలో ఉదయం కుదరదు. రాత్రి అన్నాలకు ముందే పెట్టుకోవాలి. తిన్నాక పెడితే సగంమంది కునుకే. గెత్సేమనేలో ఆ రాత్రి శిష్యులు మూడుసార్లు నిద్రపోయిందీ భోజనం చేసి వచ్చాకే. రెండో వారంలో తప్పకుండా రెండు మూడు రోజులు పోతాయి. పోయినవాటిని కలిపి ఒక్కరాత్రి ఇరవై వచనాలు చదవడానికి పూనుకున్న ఇళ్లు నాలుగో రాత్రికి మానేస్తాయి. పోయినవి వదిలేసి ఆ తేదీ భాగమే చదవాలి. శ్రమల వారంలో అవి ఎలాగూ తిరిగి వస్తాయి.

చదువు రాని పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది కష్టమనేవారుంటారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో అక్షరాలు వచ్చినవారు కొద్దిమందే. ఒకరు చదివితే పదిమంది వినడం ఈ నేలకు కొత్త కాదు.

తమరిని కోరేది చిన్నది. ఆ 34 రోజులూ, శ్రమల వారమూ జిల్లా పేజీలో రాశిఫలాల పక్కన అంగుళం చోటిచ్చి ‘నేటి భాగం’ అని అధ్యాయం, వచనాల అంకెలు మాత్రం వేయండి. వ్యాఖ్యానం వద్దు, బొమ్మ వద్దు. పట్టిక మేమే రాసి పంపుతాం.

శనివారం ఆ చోటు ఖాళీగా వదిలేయవచ్చు. ఆ రోజు గురించి మార్కు రాసింది విశ్రాంతి దినం గడిచిపోయిందన్న ముక్కే, అదీ ఆదివారం భాగంలో. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్లేవారు బైబిలు వెంట తీసుకెళ్లి, 16:1–8 అక్కడే నిలబడి చదవాలి. ఎనిమిదో వచనంలో స్త్రీలు వణుకుతూ సమాధి దగ్గర నుంచి పారిపోతారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పరు. అతి పాత ప్రతులైన సినాయ్, వాటికన్ ప్రతుల్లో మార్కు అక్కడితో ఆగుతుంది. ఆ ఒక్క ఉదయం తొమ్మిదో వచనానికి వెళ్లకుండా పుస్తకం మూయండి.

ఇట్లు,
సండే స్కూలు టీచర్లు,
ఒంగోలు