ఉత్త అలారాలు తగ్గిస్తేనే అసలు అలారం వినపడుతుంది

సంపాదకుల వారికి,

ఐసీయూల్లో రోగి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే మానిటర్లు రోజంతా మోగుతూనే ఉంటాయి. వాటిలో చాలా అలారాలు రోగికి ఆక్సిజన్ పడిపోయి మోగినవి కావు. విని విని సిబ్బంది పట్టించుకోవడం మానేస్తారు, కొన్నిచోట్ల సౌండే తీసేస్తారు. అప్పుడు నిజంగా పడిపోయిన రోగి సంగతి ఎవరికి తెలుస్తుంది? కొత్త మెషీన్లు కొనకుండానే ఈ గోలను చాలావరకు తగ్గించవచ్చు.

ముందు ప్రోబ్, అంటే వేలికి తగిలించే క్లిప్పు, చూడాలి. దానిలోని ఎరుపు, పరారుణ (660, 940 నానోమీటర్ల) కాంతి వేలిలోంచి వెళ్లి ఎదురుగా ఉన్న సెన్సార్‌ను తాకాలి. క్లిప్పు పక్కకు జరిగినా, వేళ్లు చల్లబడినా, గోళ్లకు ముదురు రంగున్నా లెక్క తప్పుతుంది. నల్ల మెహందీ పండిన వేలికి సిగ్నల్ సరిగా అందకపోవచ్చు. కాలి వేలికి మార్చి చూడాలి. పెద్దల క్లిప్పును పసిపిల్లలకు తగిలించకూడదు, కాంతి వేలి పక్కనుంచే జారిపోతుంది. కామెర్లకు పెట్టే ఫోటోథెరపీ లైటు కింద ఉన్న శిశువుకైతే ప్రోబ్ మీద వెలుగు చొరబడని గుడ్డ కప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు బీపీ కఫ్ (బీపీ చూసే పట్టీ)‌ది. ప్రోబ్ ఉన్న చేతికే కఫ్ కడితే, అది బిగిసిన ప్రతిసారీ వేలికి రక్తం ఆగిపోతుంది, మానిటర్ మోగుతుంది. పావుగంటకోసారి బీపీ చూసేలా పెడితే గంటకు నాలుగు ఉత్త అలారాలు! ప్రోబ్‌ను రెండో చేతికి మారిస్తే సరిపోతుంది. తెరమీద పల్స్ అల సాఫీగా లేకపోయినా, అక్కడి పల్స్ ఈసీజీ చూపే గుండె వేగంతో కలవకపోయినా ఆ ఆక్సిజన్ శాతాన్ని నమ్మొద్దు. అలాగని రోగిని చూడకుండా అలారం ఆపే బటన్ నొక్కేయనూ వద్దు.

ఇక సెట్టింగులు. చాలా మానిటర్లలో అలారం మోగే కింది హద్దు 90 శాతం దగ్గరే ఉంటుంది. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగికి వైద్యులు కోరుకునేదే 88 నుంచి 92 శాతం. అలాంటప్పుడు అది మోగక ఏం చేస్తుంది? హద్దు ఎంతో డాక్టర్ కేస్ షీట్‌లో రాయాలి, డ్యూటీ మారినప్పుడల్లా నర్సు సరిచూడాలి. రెండు క్షణాలు 89కి దిగి లేచే అంకెలకు 10–15 సెకన్ల డిలే (అలారం మోగేముందు ఆగే వ్యవధి) పెడితే చాలు. కానీ యావరేజింగ్ (సగటు తీసి అంకె చూపే) సమయాన్నీ డిలేనూ రెండింటినీ పెంచేస్తే అసలు అలారమే ఆలస్యమవుతుంది. నెలలు నిండని శిశువులకు ఇవేవీ సొంతంగా మార్చకూడదు, పిల్లల డాక్టరే నిర్ణయించాలి.

అమెరికాలోని డార్ట్‌మత్-హిచ్‌కాక్ ఆసుపత్రి ఎముకల వార్డులో హద్దును 80కి దించి, డిలే పెట్టి నడిపిన పర్యవేక్షణ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. అత్యవసరంగా రక్షించాల్సిన సందర్భాలు వెయ్యి డిశ్చార్జీలకు 3.4 నుంచి 1.2కు తగ్గాయి. పిలవగానే సిబ్బంది చేరుకునే ఏర్పాటు అక్కడ ఉంది కాబట్టి ఆ 80ని ఇక్కడ గుడ్డిగా తెచ్చుకోకూడదు.

ఆసుపత్రుల్లో పరికరాలు చూసుకునే బయోమెడికల్ విభాగాలు నెలకోసారి అలారం లాగ్ (మోగిన అలారాల నమోదు) తీసి ఏ పడక ఎక్కువ మోగుతోందో చూడాలి. డిలే, లాగ్ సౌకర్యాలున్న మానిటర్లనే కొనేలా వైద్య ఆరోగ్య శాఖ టెండర్లలో షరతు పెట్టాలని కోరుతున్నాం.

– ఐసీయూ నర్సులు, బయోమెడికల్ సిబ్బంది, గుంటూరు