పరిష్కరించకుండానే నా ఫిర్యాదు ఎందుకు మూసేశారు?

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

అయ్యా,

మా అమ్మాయి ట్యూషన్‌కు వెళ్లి రావడానికి మీ కంపెనీ గేర్ల సైకిల్ కొన్నాం. కొత్త బండి, వెనక పెద్ద పళ్లచక్రం మీదికి గేరు మారిస్తే చైను దాటిపోయి స్పోక్స్‌లో ఇరుక్కుంటోంది. ఎర్రముక్కపల్లిలో ఆటోల మధ్య చక్రం పట్టేసి పిల్ల పడబోయింది. అయినా సామానన్నాక చెడిపోతుంది, ఒప్పుకుంటాను. నా కోపమంతా మీరు నన్ను తిప్పిన తిప్పుల మీదే.

షాపులో అడిగితే "అమ్మేంతవరకే మాది సార్, కంపెనీకి ఫోన్ చేసుకోండి" అన్నారు. మీకు చేస్తే ఫ్రేమ్ నంబర్ కావాలన్నారు. అది పెడల్ ఇరుసు కింద ఉంటుంది. వరండాలో సైకిల్ తలకిందులు చేసి, గ్రీజు గుడ్డతో తుడిచి, సెల్ లైటు వేసుకుని ఒక్కో అంకె చదివి చెప్పాను. మర్నాడు వేరే అమ్మాయి ఫోన్ చేసి మళ్లీ అదే నంబర్ అడిగింది. నిన్ననే చెప్పాను కదమ్మా అంటే, సిస్టమ్‌లో లేదంది. తర్వాత వీడియో పంపమన్నారు, పంపాను. ఆ తర్వాత మాట్లాడినాయన వీడియో చూడనే లేదు, చైనుకు నూనె వేసుకోమన్నాడు. ఇంకొకాయన కడపలో సర్వీస్ లేదు, తిరుపతికి తెమ్మన్నాడు. బస్సు మీద వేసుకుని రావాలా అని అడిగితే ఫోన్ పెట్టేశాడు. చివరికి, మీ మెకానిక్ ఒక్కడూ మా గడప తొక్కకుండానే "మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. అది చూసి ఒళ్లు మండిపోయింది.

ఏడు రోడ్ల కూడలి దగ్గరి మెకానిక్ సైకిల్ వెనక గొంతుకూర్చుని ఒక్క చూపులో చెప్పాడు: గేరు మార్చినప్పుడు చైనును పక్కకు జరిపే డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ లోపలికి వంగింది. దెబ్బ తగిలితే ఫ్రేమ్ పాడవకుండా తానే వంగేలా చేసిన ముక్క అది. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో రకం, బయట దొరకడం కష్టం, మీరే పంపాలి. అప్పటికి చైను స్పోక్స్‌లోకి పోకుండా లిమిట్ స్క్రూ బిగించి, డిస్కుకు రాసుకుంటున్న బ్రేకూ సరిచేశాడు. డబ్బులిస్తే "పిల్ల సైకిల్ కదా సార్" అని తీసుకోలేదు. ఆ ముక్క పేరు మీవాళ్లలో ఒక్కరి నోటా రాలేదు.

మా పెద్దోడికీ, మా అన్న పిల్లలకూ కొన్నది మీ సైకిళ్లే. ఎవరడిగినా మీ పేరే చెప్పేవాణ్ణి. ఇక చెప్పను.

వారంలోగా హ్యాంగరూ, దాన్ని బిగించే మనిషీ మా ఇంటికి రావాలి. చేతకాకపోతే సైకిల్ వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. అక్కడికి మీరే రావాల్సి ఉంటుంది.

ఏం చూసి నా ఫిర్యాదు మూసేశారో, మూసిందెవరో కాగితం మీద రాసి పంపండి. నష్టపరిహారం సంగతి ఆ జవాబు చూశాక మాట్లాడతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
కడప